కావడి మోసిన భుజం

ముందు సంతోషం చెప్పనివ్వండి. ఎప్పుడో మధ్యలో ఆగిన చదువు మళ్లీ అందుకుని, యాభై దాటాక నేను బీఏ పాసయ్యాను, మా కొండరెడ్ల గూడెంలో డిగ్రీ చదివినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. మొన్న రాజమండ్రిలో పట్టా అందుకుని, గౌను విప్పకుండానే అక్కను వెంటబెట్టుకుని ఫోటో స్టూడియోకి వెళ్లాను. ఫోటోగ్రాఫరు అక్కను కుడి భుజం కాస్త ఎత్తమన్నాడు. ఎత్తింది, అది మళ్లీ దిగిపోయింది.

మా చిన్నప్పుడు గూడెంలో మనిషిని వెనకనుంచి చూసినా ఆడో మగో తెలిసిపోయేది. ఆడవాళ్లు కుండలూ కట్టెల మోపులూ నెత్తిన మోసేవారు కాబట్టి మెడలు గట్టిగా, నడుములు నిటారుగా ఉండేవి. మగవాళ్లకైతే సంతకు కావడి మోసి మోసి, మనిషి సన్నగా ఉన్నా పిక్కలు రాళ్లలా తేలి, ఒక భుజం దిగిపోయి దాని మీద కాయ కాసి ఉండేది. కావడిని ఆడవాళ్లు ముట్టేవారు కాదు. నాన్న భుజం మీది కాయ నిమురుతూ నాకెప్పుడొస్తుందా అనుకునేవాణ్ణి.

నేను హాస్టల్లో ఉండగా నాన్న పోయాడు. బడి మానేసి కావడి ఎత్తుకుందామని వచ్చేసరికి, అక్క అప్పటికే చింతపండు బుట్టలు కట్టి కావడి భుజానికెత్తుకుని ఉంది. దారిలో వరసకు వదినలయ్యేవాళ్లు "ఏం బావా, సంతకేనా?" అని నవ్వేవారట. మీకు గాజులు తేవాలిగా అని అక్కా నవ్వేదట. ఏడాదికేడాది ఆ భుజం నాన్న భుజంలా మారడం సెలవులకు వచ్చినప్పుడల్లా చూసేవాణ్ణి. చూసి, అక్క పెట్టిన అన్నం తిని, మళ్లీ హాస్టలుకి పోయేవాణ్ణి.

"కంప్యూటర్లో సరిచేసేస్తానండి, తెలియను కూడా తెలియదు" అన్నాడు ఫోటోగ్రాఫరు. నేను వద్దనబోయాను. అంతలో అక్క, నా వైపు చూడకుండా అంది:

"చెయ్యి బాబూ. ఒక్క ఫోటోలోనన్నా ఆడదానిలా కనపడతాను."

ఇప్పుడు గూడెం దాకా రోడ్డుంది, చింతపండు ఆటోలో పోతోంది, ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా భుజాలు సమంగానే ఉన్నాయి. గోడమీద ఫోటోలో మా ఇద్దరికీ అంతే. అక్క రోజూ దాన్ని కొంగుతో తుడిచి మురిసిపోతుంది. నాకు మాత్రం ఆ గౌనులో ఉన్న నా భుజాల వైపు చూడబుద్ధి కాదు.