పార్సిల్ టీకి నాన్న ముడి

నేను ఈ గ్రూపులో రాయడం తక్కువ. ఈ రోజు మాత్రం మనసు ఊరుకోలేదు.

ఆనందపురం జంక్షన్‌లో మేము ఒక కంపెనీ పేరు మీద టీ కొట్టు నడుపుతున్నాం. పార్సిల్ కవర్లకు వాళ్లిచ్చే రబ్బరు బ్యాండ్లు దారిలో ఊడిపోతున్నాయని, నేను దారంతో ముడి వేయడం మొదలుపెట్టాను. చుక్క కారదు, కొస లాగితే ఇట్టే విడిపోతుంది. జాలరిపేటలో నాన్న చేపల సంచుల మూతికి వేసే ముడి అది. ఐదో తరగతితో నా బడి ఆగిపోయిన ఏడాది, పడవ నీడలో కూర్చోబెట్టి, నా వేళ్లు పట్టుకుని నేర్పాడు. నాన్న ఇప్పుడు లేడు.

ఈ రోజు కంపెనీ సారు వచ్చి ఆ ముడి చూసి, ఫోన్‌లో వీడియో తీశారు. ఇక అన్ని కొట్లలోనూ ఇలాగే కట్టిస్తారట.

"ఇక్కడ మీరు కొత్తగా ఏం చేసినా అది కంపెనీదేనమ్మా, ఒప్పందంలో ఉంది. రేపు మీరు సొంత కొట్టు పెట్టుకుంటే ఈ ముడి వేయకూడదు" అన్నారు.

మా ఆయనకు కోపం వచ్చింది. "అదేటండి సార్! మా మాంగారు ఈ ముడేసినప్పుడు మీ కంపెనీ పుట్టిందేటి?"

నేను పొయ్యి వెనక నుంచే మెల్లగా అన్నాను. "మీవోళ్లు నేర్సుకుంటే నేర్సుకోనీండి సార్. నన్ను మానీమంటే మాత్రం నా సేతులు ఇనవు."

సారు నవ్వి వీడియో చూపించారు. అందులో నా ముఖం లేదు, చేతులే ఉన్నాయి. బొటనవేలు వంచి దారం బిగించడం అచ్చం నాన్నలాగే ఉంది.

ఆ వేలు వంచడం కూడా ఒప్పందంలో రాసి ఉంటుందంటారా? చదువుకున్నవాళ్లు కాస్త చెప్పండి.