కిటికీ దగ్గర చెప్పి లోపలికొచ్చే సిస్టరమ్మ

మంగళవారం పొద్దున ఆఫీసులో టైపు మిషనుకు కాగితం ఎక్కిస్తుంటే యూనివర్సిటీ దవాఖాన అటెండరు వచ్చి, "మీ ఇంటికొచ్చి కట్లు కట్టిన సిస్టరమ్మ పోయిందమ్మా, తెల్లారుజామున" అన్నాడు. వారం నుంచి జ్వరమని విన్నాను. ఇంత తొందరగా పోతుందనుకోలేదు. కాగితం వంకరగా ఎక్కింది. తీసి మళ్లీ ఎక్కించాను, మళ్లీ వంకరే.

తార్నాకలో మంచం పట్టిన ముసలివాళ్లున్న ఇళ్లకు ఆమె నడిచి వచ్చేది. మా నాయన క్యాంపస్‌లో తోటమాలిగా చేసి రిటైరయ్యాడు. షుగరు వల్ల కుడి పాదం మీద పుండు మానలేదు. చీము లోపలికి దిగితే పాదం తీసేయాలన్నారు డాక్టరు. రోజు విడిచి రోజు కట్టు మార్చడానికి ఆమెను పంపారు.

మొదటి రోజు చేతులు కడుక్కుని, నాలుగు మడతల గాజుగుడ్డతో ముక్కూ మూతీ కట్టుకుంది. నాయన మొహం మారిపోయింది.

"నా కాలు గంత కంపు గొడుతున్నదా? పొమ్మను. చెయ్యి పెట్టనియ్య!" అని కాలు లాక్కున్నాడు.

నాయనకు చెవుడు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పోల్చుకుంటాడు. గుడ్డ వెనక ఆమె చెప్పిందేదీ ఆయనకు చేరలేదు. నేనైనా విన్నానా? నాకూ కోపమొచ్చి, "అంత అసహ్యమైతే ఈ పని ఎందుకు?" అనేశాను. ఆమె తన మందుల డబ్బా మూసి, "రేపొస్తానమ్మా" అని వెళ్లిపోయింది.

మర్నాడు లోపలికి రాలేదు. నాయన మంచం పక్కనున్న కిటికీకి అవతల, మొహం బాగా కనబడేలా నిలబడింది.

"తాతగారూ, నా ఊపిరి మీ పుండు మీద పడకూడదని గుడ్డ కట్టుకుంటానండి. ఇప్పుడు కట్టు విప్పుతాను. కడుగుతాను. మంట పుడుతుంది. నన్ను తిట్టుకోండి, కాలు మాత్రం లాక్కోకండి."

నాయన ఆమె పెదవులనే చూస్తూ విన్నాడు. "తిడితే నీకు ఇనబడతది గద?"

"వినబడుతుందండి. చెవులకు కట్టుకోను కదా."

ఆయన నవ్వి కాలు చాపాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ అంతే. ముందు కిటికీ, తర్వాత గుడ్డ, తర్వాత గడప. ఆమె వచ్చే రోజు నాయన తల దువ్వుకుని, కిటికీ రెక్కలు తెరిపించుకుని కూర్చునేవాడు. టీ ఇస్తే వాకిట్లోకి వెళ్లి తాగేది. పొగరనుకున్నాను కొన్నాళ్లు. గుడ్డ తీయాలి కాబట్టి బయటికి వెళ్లేదని తర్వాత తెలిసింది. వెళ్లేముందు ఆ గుడ్డను మా పొయ్యి మీద మరిగించి, తీగ మీద ఆరేసేది. మళ్లీ వచ్చినప్పుడు తీసుకునేది. ఇంత తంటా ఎందుకని ఒకసారి అడిగాను. "నాకు తుమ్ముతో పోయే జలుబు ఈ ముసలివాళ్ల ప్రాణం మీదికి తెస్తుందమ్మా" అంది.

ఎనిమిది నెలలకు పుండు మానింది. చివరిసారి ఆరేసిన గుడ్డ మా ఇంట్లోనే ఉండిపోయింది. మొదటి రోజు నేనన్న మాటకు క్షమాపణ కూడా నా దగ్గరే ఉండిపోయింది. ఆమె ఎప్పుడూ ఎత్తలేదు, నేను రేపు రేపని జరిపాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మధ్యాహ్నం నాయనను రిక్షాలో సీతాఫల్‌మండిలో ఉన్న ఆమె ఇంటికి తీసుకెళ్లాను. ముందు గదిలో ఆమెను శవపెట్టెలో పడుకోబెట్టి ఉంచారు. నాయన లోపలికి రాకుండా కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"సిస్టరమ్మా, నేను. లోపలికొస్తున్న. కాళ్లు రెండూ ఉన్నయ్, చూపిచ్చి పోత."

జేబులోంచి ఆ గుడ్డ తీసి ముక్కూ మూతీ కట్టుకున్నాడు. పెట్టె పక్కన కూర్చున్న ఆమె అక్క అది చూసింది. మొదటి రోజు మా మొహాలు మారినట్టే ఆమె మొహం మారింది. ఈసారి నేను ఆలస్యం చేయలేదు. పక్కన కూర్చుని అంతా చెప్పాను, నేనన్న మాటతో సహా. ఆమె కళ్లు తుడుచుకుని, కాస్త జరిగి చోటిచ్చింది.

నాయన చెప్పులు గడప బయట విడిచి, కర్ర లేకుండా నడిచి వచ్చాడు.