కడుపులోంచి తీసిన గొంతు

నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నానని మదనపల్లెలో మా బంధువులంతా చెప్పుకుంటారు. కాస్త ధైర్యం ఉన్నవాళ్ళు "మొగుడితో పోట్లాడి" అని కూడా కలుపుతారు. రెండూ అబద్ధాలే. పోట్లాటకు గొంతు అక్కర్లేదు, ఎదుటి మనిషి మాటలో తప్పు దొరికితే చాలు. ఇంట్లో నేను ఏనాడూ గొంతు పెంచలేదు, పెంచాల్సిన అవసరమూ రాలేదు. నా గొంతును పాడుచేసింది వేదిక.

డిగ్రీలో ఉండగా మొదటిసారి వక్తృత్వ పోటీలో నిలబడ్డాను. నాది సన్నటి గొంతు. రెండు వాక్యాలు చెప్పానో లేదో, ఎవడో నన్ను అనుకరిస్తూ కీచుమన్నాడు. హాలంతా నవ్వింది. కిందికి దిగి వచ్చాక మా తెలుగు మాస్టారు ఓదార్చలేదు, మందు చెప్పారు.

"ఆడపిల్ల గొంతు ఆఖరి బెంచీ దాకా పోదమ్మా. కడుపులోంచి తీయి, లావుగా. మీటింగుల్లో మగోళ్ళు మాట్లాడేది సూడలేదా?"

చూశాను. గడ్డం కిందికి దించి, గొంతు నొక్కిపట్టి, ప్రతి వాక్యం చివర బరువు మోపి మాట్లాడటం నేర్చుకున్నాను. మరుసటి ఏడు బహుమతి నాదే. ఆ తర్వాత జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పడానికీ, పుంగనూరులో సభలకూ అదే గొంతు. మైకు ముందు నిలబడితే దానంతటదే వచ్చేది.

పోయిన ఏడు అది మధ్యలో తెగిపోవడం మొదలైంది. పాఠం చెబుతుంటే ఒక మాట వినబడేది, తర్వాతి మాట ఉత్త గాలి. మిరియాల పాలు, ఉప్పునీళ్ళు, మాత్రలు అన్నీ అయ్యాయి. తగ్గలేదు. చివరికి కుప్పంలో ఆసుపత్రికి వెళ్ళాం. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దించి, డాక్టరు తెరమీద చూపించాడు. స్వరపేటికలో ఒక అంచున తెల్లటి బుడిపె.

"చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం. రిపోర్టు వచ్చేదాకా మాట్లాడొద్దు."

ముక్క అన్న తర్వాత ఆయన చెప్పిందేదీ నా చెవికెక్కలేదు. గొంతు క్యాన్సర్‌తో పోయిన మా మేనమామను చివరి రోజుల్లో చూశాను. మెడకు రంధ్రం పెట్టారు. నీళ్ళు కావాలంటే స్టీలు గ్లాసుమీద గోటితో కొట్టేవాడు. ముక్క తీయించుకుని ఇంటికి వచ్చాక నేను స్టీలు గ్లాసులన్నీ అటకెక్కించాను.

గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతే కదా అనుకున్నాను. ఆ మాట మా ఆయన ఫోనులో చెబితే డాక్టరు కేకలేశాడు. గుసగుసతో ఇంకా ఎక్కువ ఒరుసుకుంటుందట, నోరు పూర్తిగా మూసుకోవాలట. నాకు నోరు మూసుకోమని చెప్పి నా జవాబు వినకుండా తప్పించుకున్న మొదటి మనిషి ఆయనే.

మొదటి రోజు మా ఆయన సంబరపడ్డాడు. "ఇన్నేండ్లకు నాకూ ఒక మాట చెప్పే సందు దొరికింది" అన్నాడు. చెప్పడానికి మాత్రం ఆయనకు ఏమీ తోచలేదు. రెండు మూడు రోజులు గడిచేసరికి నా ఎదురుగా కూర్చుని, "ఏమే, కళ్ళతోనన్నా తిట్టు. ఇల్లు ఇట్ల సప్పుడు లేకుండా ఉంటే నాకు బయంగా ఉండాది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే కూడా గొంతు కదులుతుందేమోనని ఆపుకున్నాను.

రిపోర్టుకు మళ్ళీ కుప్పం బస్సెక్కాం. కండక్టరు "యాడికమ్మా?" అని నన్నే అడిగాడు. చెయ్యి ఊపాను. వెనక సీట్లో ఒకామె "మూగామె మాదిరుండాదే, పాపం" అంది.

"ఈమె మూగదా? నాకంత అదురుష్టం యాడిదమ్మా" అన్నాడు మా ఆయన. కండక్టరు ఇచ్చిన చిల్లరను మాత్రం లెక్క చూడకుండానే జేబులో కుక్కుకున్నాడు. పలమనేరు దాటేదాకా నేను కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

క్యాన్సర్ కాదు. గొంతు నొక్కి నొక్కి మాట్లాడినందుకు కాసిన కాయ. డాక్టరు నన్ను పక్కగదిలో మాట నేర్పే అమ్మాయి దగ్గరికి పంపాడు.

"ఎవురన్నా కత చెబతాంటే 'ఊఁ' అంటారు గదా మేడం, అట్ల ఒకసారి అనండి" అంది ఆ అమ్మాయి.

అన్నాను. సన్నగా వచ్చింది.

"అదే మీ గొంతు. మీటింగుల్లో కూడా దాంతోనే మాట్లాడండి. పాత గొంతుకు పోయినారంటే కాయ మళ్ళీ వస్తాది."

బతికానన్న సంతోషం బస్టాండు దాకా కూడా నిలవలేదు. ఆ గొంతుతో, సభలోనా?

తప్పించుకునే దారి లేకుండా పుంగనూరులో మహిళా సంఘాల సమావేశానికి పిలిచారు. ఆడపిల్లల చదువు ఇంటరుతో ఆపొద్దని చెప్పాలి. నన్ను పరిచయం చేసినామె మైకులో, "మేడం గొంతుకు ఆపరేషనై కూడా మనకోసరం వచ్చినారు" అని, ముక్క తీసినదాన్నే ఆపరేషను చేసి ముందే చాటేసింది. నేను లేచాను. గడ్డం దానంతటదే కిందికి దిగబోతుంటే తల ఎత్తి ఉంచాను. 'ఊఁ' అని లోపల అనుకుని నోరు తెరిచాను. మైకులోంచి ఆ సన్నటి గొంతే వచ్చింది. ఎవరో ఒకరు కీచుమంటారని ప్రతి వాక్యం చివరా ఆగి చూశాను.

ఎవరూ నవ్వలేదు. కబుర్లు ఆగిపోయాయి. ఒళ్ళో పిల్లల్ని జోకొడుతున్న చేతులు కూడా ఆగాయి. ఇన్నేళ్ళ లావు గొంతుకు ఎన్నడూ దొరకనంత నిశ్శబ్దం.

దిగగానే ఒకామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మా పాపను డిగ్రీలో చేరుస్తాంలేమ్మా" అంది. సంతోషించబోయాను. ఆమె చెయ్యి వదలకుండా, "నువ్వు మాత్రం ఇంక ఎక్కువ మాట్లాడబాక తల్లీ, సూస్తాంటేనే కడుపు తరుక్కుపోయింది" అంది.

ఎవరితోనైనా వాదించి తేల్చుకోగలను. జాలితో ఎలా వాదించను? నా జబ్బు సంగతి తెలియని ఊళ్ళో, ఇదే గొంతుతో, ఇవే మాటలు చెబితే ఆడవాళ్ళు కూర్చుని వింటారా?