టైలరమ్మ కచ్చా కుట్టు

"నేనొక్క మాట జారి, బుజ్జి ఇల్లు వదిలి వెళ్లిపోతే ఎలాగండీ?"

టైలరమ్మతో అతను అన్న మొదటి మాట ఇదే. కూర్చోమన్న బల్ల మీద కూర్చోనైనా లేదు. ఆవిడ నోట్లో గుండుసూదులు ఉండటంతో తలాడించి ఊరుకుంది.

అతను కెమిస్ట్రీ చదివి నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తాడు. రెండేళ్ల కూతురు తుమ్మితే మూడు థర్మామీటర్లు పెట్టి సగటు తీసే రకం. బుజ్జి అతని తోబుట్టువు. వయసు ఇరవై రెండు. ఆడపిల్లగా పెరిగి, పంతొమ్మిదో ఏట తను అబ్బాయినని చెప్పి, డాక్టరు దగ్గర మందులు మొదలుపెట్టిన పిల్ల. అప్పుడితను చుట్టాలందరినీ కూర్చోబెట్టి, గ్రాఫులతో సహా గంటసేపు పాఠం చెప్పి, బుజ్జిని సిగ్గుతో చంపినంత పని చేశాడు. ఇప్పుడు డాక్టరుతో మాట్లాడాక ఆ మందులు ఆగాయి. మళ్లీ అమ్మాయిగా ఉండాలనిపిస్తోందనీ, ఖాయంగా మాత్రం తెలియదనీ బుజ్జి మాట.

టైలరమ్మ పదిహేనేళ్లు ఫ్యాక్టరీలో యూనిఫాం కాలర్లే కుట్టింది. మనిషికి మెడ తప్ప ఇంకేమీ ఉండదనుకునేదాన్నని నవ్వుతుంది. సొంత కొట్టు పెట్టాక బుజ్జిలాంటి పిల్లలు ఒకరు చెబితే ఒకరు రాసాగారు. ఆవిడ ఎందుకని అడగదు. ముందు తెల్లదారంతో, లాగితే ఊడొచ్చే కచ్చా కుట్టు వేసి, వారం తొడుక్కుని చూడమంటుంది. నచ్చితే పక్కా కుట్టు, లేకపోతే దారం లాగేయడమే.

ఈ సంగతి అతనికి తెలియదు. కొలతలప్పుడు ఆవిడ అతన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టింది మరి. నడుము దగ్గర బిగించమని ఇచ్చిన బుజ్జి చొక్కాలు ఆరూ ఇంటికొచ్చాక, తెల్లదారాలు చూసి పని సగంలో వదిలేశారనుకున్నాడు. తన మద్దతు ఎంత గట్టిదో చూపించాలని ఇంట్లో ఉన్న కుట్టుమిషను ముందు కూర్చుని, ఆరింటికీ రెండేసి వరసల కుట్టు వేసి, మిగులు గుడ్డ కత్తిరించి మరీ మడతపెట్టాడు. బుజ్జిని అడిగావా అంది భార్య. సర్‌ప్రైజ్ అన్నాడు.

అద్దం ముందు బుజ్జి చొక్కా తొడుక్కుని, నడుము దగ్గర దారం లాగితే ఊడి రాలేదు.

"అన్నయ్యా, అప్పుడూ నాకంటే ముందు నువ్వే తేల్చేశావు. ఈసారైనా నన్ను తేల్చుకోనివ్వవా?"

ఆ తర్వాత రెండు రోజులు ఆ గది తలుపు అతనికి తెరుచుకోలేదు.

మూడో రోజు సంచీతో కొట్టుకు వెళ్లి నిలబడ్డాడు. టైలరమ్మ కుట్లు విప్పుతూ, కత్తిరించిన చోట అతుకు వేయక తప్పదంది. లైను మాత్రం తిన్నగా వేశారని మెచ్చుకుంది. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు. మరి నేనేం చెయ్యాలండీ, చేతులు కట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదన్నాడు.

"కూర్చోవద్దు బాబూ. ఇస్త్రీ చెయ్యండి. కచ్చా కుట్టయినా, పక్కా కుట్టయినా చొక్కాకి ఇస్త్రీ కావాలిగా. చేస్తున్నంతసేపూ నోరు మాత్రం కట్టేసుకోండి."

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే అతను ఇస్త్రీపెట్టె పట్టుకుంటాడు. బుజ్జి పక్కన స్టూలు మీద చేరి, డాక్టరు గురించో, అద్దం గురించో ఏదో ఒకటి చెబుతూ ఉంటే, వంద ప్రశ్నలు మింగి, కాలరు తర్వాత కాలరు రుద్దుతాడు.