పెద్దనాయిన కాల్చిన ఈత బెండ్లు

వనపర్తి ఈతకొలనులో దిగితే క్లోరిన్ మందు వాసన ముక్కుపుటాల్లోనే ఉండిపోతుంది. నలభై దాటాక పరుగు, సైకిలు, ఈత కలిసిన పెద్ద పోటీకి తయారవుతున్నానని విని, అక్కడి కోచ్ మొదటిరోజే నీళ్ల మీద తేలే పలక ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "జర పట్టుకోని ఈదుండ్రి మేడం, ఈ వయసుల రిస్కెందుకు?" అన్నాడు. ఒళ్లు మండింది. వెంటనే కొల్లాపూర్ దగ్గర మా మామిడితోట బావి కళ్లముందుకొచ్చింది.

ఎండాకాలం వస్తే మాకు ఆ బావే లోకం. పచ్చి మామిడికాయతో నూరిన తొక్కు జొన్నరొట్టె మీద వేసుకుని తిని, కాలే నేల మీద చెట్టు నీడ నుంచి చెట్టు నీడకు గెంతుతూ పరుగెత్తేవాళ్లం. నాయిన ఎండిన జీలుగు కాడలను ముక్కలుగా కోసి, తాడుకు గుచ్చి నా నడుముకు కట్టేవాడు. అవే ఈత బెండ్లు, మనిషిని మునగనివ్వవు. ఈత వస్తున్నకొద్దీ ఒక్కో బెండు తీసేయడం మా వైపు పద్ధతి. బెండు తీసిన రోజు ఒళ్లు రాయిలా బరువెక్కేది, కొన్నాళ్లకు అదే సర్దుకునేది, అప్పుడు నాయిన ఇంకోటి తీసేవాడు. నేను తొందరపడి చేతులు బాదితే గట్టు మీంచి కేకేసేవాడు.

"దమ్ము దాచుకో బిడ్డా! ఒడ్డు కనవడంగనే ఆగమాగం గాకు."

మగపిల్లల్లా బెండు లేకుండా, ఆగకుండా బావి చుట్టూ చుట్లు కొట్టాలి. నాకు ఇంకే కోరికా లేదు. చివరి బెండొక్కటే మిగిలినప్పుడు పెద్దమనిషినయ్యాను. నువ్వులు, బెల్లం దంచిన ముద్దలు తినిపించి, పాటలు పాడి చుట్టాలు వెళ్లగానే పెద్దనాయిన నోరు విప్పాడు. ఆయన మాటకు మా ఇంట్లో ఎదురు లేదు.

"ఇగ బాయి బంద్. ఆడపిల్ల నీళ్లల్ల దుంకుడేంది?"

నా బెండ్లన్నీ తెచ్చి నీళ్లు కాగే పొయ్యిలో వేశాడు. కాగితాల్లా భగ్గుమన్నాయి. నాయిన తల దించుకున్నాడు. నేను ఏడ్చాను, కోపంతోనే.

బెండ్లు కాలిస్తే ఈత కూడా కాలిపోతుందనుకున్నాడు పెద్దనాయిన. మిగిలిన ఆ చివరి బెండును ఆయనే తన చేత్తో తీసేసినట్టయిందని ఆయనకు తట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే వెళ్లి బావిలో దూకాను. గుండె దడదడలాడింది కానీ, నీళ్లు నన్ను మోశాయి. చుట్టు మీద చుట్టు కొడుతుంటే నాయిన వచ్చాడు. లాగి కొడతాడేమో అనుకున్నా. గట్టు మీద కూర్చుని, "దమ్ము దాచుకో" అన్నాడు మెల్లగా. వెనకాలే పెద్దనాయిన అరుస్తూ వచ్చాడు.

"ఎల్లి రాయే బయటికి!"

"బెండ్లు నువ్వే తీస్తివి గద పెద్దనాయినా! ఇంకో చుట్టు కొట్టి వస్త!"

నాయిన నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఇప్పుడు ఆ బావి లేదు, పూడ్చేసి ప్లాట్ల రాళ్లు పాతారు. నాయినా లేడు. మా ఊరి పిల్లలను అడిగితే బెండు అంటే ఏంటో తెలియదన్నారు. కానీ ఆ బావిలో నేర్చిన దమ్ము నాలో ఇంకా ఉంది, దాన్ని పూడ్చడం ఎవరి తరమూ కాదు.

కోచ్ ఇచ్చిన పలకను తిరిగి ఆయన చేతికే ఇచ్చేశాను.

"పొయ్యిల వెయ్యి తమ్మీ. ఇంకో చుట్టు కొట్టి వస్త."