గుల్‌బహార్ నానీ కుండమూత

కుతుపలాంగ్ శరణార్థి శిబిరం గుట్టల మీద, పిల్లల గొంతు మూసేసే కంఠసర్పి మొదలైన చలికాలంలో గుల్‌బహార్ నానీని మొదటిసారి చూశాను. గుడిసె ముందు కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తోంది. నేను ఇంటింటికీ తిరిగి పిల్లల లెక్క రాసేదాన్ని. టీకాల పెట్టె భుజాన వేసుకుని ఝర్నా అక్క నా వెంట వచ్చేది. పిల్లలెంతమందో తెలిస్తేనే కదా, మందు ఎంత కావాలో తెలిసేది.

మమ్మల్ని చూడగానే నానీ పక్కనున్న కుండమూతను తట్టింది. ఎందుకో అర్థం కాలేదు.

"మనవలు ఎంతమంది నానీ?"

"ఇద్దరు."

ఇద్దరు మగపిల్లలూ గుమ్మంలోనే ఉన్నారు. ఝర్నా అక్క సూదులు వేస్తే గుట్ట అదిరేలా ఏడ్చారు. నేను లేవబోతుంటే నానీ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ రాసింది ఎవరికిస్తావు?"

"మందు పంపేవాళ్లకి."

"అక్కడా తియ్యగానే అడిగేవాళ్లు."

అక్కడంటే నాఫ్ నది అవతల, బర్మాలో వాళ్లు వదిలొచ్చిన ఊళ్లో. ఇద్దరిని మించి పిల్లలు తనిఖీలో దొరికితే సైనికులు తండ్రిని పట్టుకుపోయేవారు. నానీ తన మూడో కొడుకును ధాన్యపు గాదెలో దాచి పెద్దవాణ్ణి చేసిందట.

"మీ అమ్మకి ఎంతమందే పిల్లా?"

"ఐదుగురం."

"బయటివాళ్లకి చెప్తుందా?"

"చేపలమ్మే ఆయనక్కూడా చెప్తుంది నానీ. జాలిపడి తూకం ఎక్కువేస్తాడని."

నానీ పకపకా నవ్వింది. "మీ అమ్మ గడుసుదే. నువ్వూ తక్కువదానివి కాదు!"

నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. మొన్న పక్క వరసలో గొంతు మూసుకుపోయి చచ్చిపోయిన పసిది ఏ లెక్కలోనూ లేదు. అటువైపే కాసేపు చూసి, గుడిసెలోకి తిరిగి "రావే" అని పిలిచింది. ఎవరూ రాలేదు. మళ్లీ పిలిచింది.

"మూత కొడితే దాక్కోవడం నేర్పాం," అంది మెల్లగా. "బయటివాళ్లుండగా రావడం నేర్పలేదు."

తనే లేచి వెళ్లి, బియ్యం బస్తాల వెనకనుంచి ఐదేళ్ల ఆడపిల్లను ఎత్తుకొచ్చింది. అంతసేపూ ఆ పిల్ల మాకు చేయి చాపితే అందేంత దూరంలో ఉంది. ఊపిరి కూడా వినపడలేదు.

"పేరు?" అన్నాను.

నానీ దారికి అటూ ఇటూ చూసింది. "సొఫూరా! నా కొడుకు కూతురు సొఫూరా!" అంది, నన్ను కాదు, గుట్ట మొత్తాన్ని ఉద్దేశించి.

సూది దిగింది. సొఫూరా పెదవి కొరుక్కుంది. కళ్లనిండా నీళ్లు, చప్పుడు మాత్రం లేదు.

"ఏడువు తల్లీ," అంటూ నానీ ఒళ్లోకి లాక్కుంది. "ఇక్కడ ఏడిస్తే ఎవరూ పట్టుకుపోరు. అన్నల కంటే గట్టిగా ఏడువు."

ముందు చిన్న మూలుగు. ఆ తర్వాత, ఐదేళ్లుగా మింగిందంతా ఒక్కసారి బయటపడ్డట్టు ఏడ్చింది.

ఎదురు గుడిసె తడిక తెరుచుకుంది. ఒకామె నానీ వంక చూసి లోపలికి వెళ్లి, ఒక పసివాణ్ణి మణికట్టు పట్టుకుని తెచ్చింది. వాడి వెనక ఇంకో ఆడపిల్ల. ఆ పక్క గుడిసెలోంచీ వచ్చారు, ఆ పై గుడిసెలోంచీ వచ్చారు. ఎండకు చేతులు అడ్డం పెట్టుకుంటూ, పగటిపూట పరాయివాళ్ల ముందు ఎన్నడూ నిలబడని పిల్లలు.

"మందు చాలదే," అంది ఝర్నా అక్క పెట్టెలోకి చూసి.

నేను కలం పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"చూస్తావేం పిల్లా," అంది నానీ. "రాయి."