కొలవని ఎడమ చక్రం

బ్యాంకు బదిలీ మీద కలకత్తా వచ్చిన నాలుగో సంవత్సరం, అంతవరకూ ఏ సోకూ ఎరుగని నేను, పొట్టి స్ప్రింగులు వేయించి కారును ముప్ఫై అయిదు మిల్లీమీటర్లు కిందికి దింపించి, పదిహేను అంగుళాల చక్రాలు తీయించి పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించాను. టైరు సైజును మాత్రం దుకాణదారుకు వదలలేదు; మూడు ఆదివారాలు కూర్చుని నేనే లెక్కకట్టాను.

టైరు మీది మొదటి సంఖ్య దాని వెడల్పు. రెండవది, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. పాత 185/65 టైరు మొత్తం ఎత్తు 621.5 మిల్లీమీటర్లు. కొత్త చక్రానికి 205/45 వేస్తే 616.3, 215/45 వేస్తే 625.3. రెండవదానిలో తేడా 3.8 మాత్రమే కనుక దానినే ఎంచుకున్నాను. టైరుకూ దానిమీది రేకు ఫెండరుకూ మధ్య ఖాళీని పదమూడుసార్లు కొలిచి, చాలునని తేల్చుకున్నాను.

సోమవారం ఉదయం నా భార్యను సాల్ట్ లేక్‌లోని ఆమె ఆఫీసుకు తీసుకువెళుతుండగా, ఫ్లైఓవరు అతుకు దగ్గర ముందు ఎడమ టైరు గర్రుమని రాసుకుంది. ఆమెను దింపి అదే దారిన తిరిగి వస్తే చప్పుడు లేదు. నాలుగు రోజులు నమోదు చేశాను: ఆమె ఉండగా పదకొండుసార్లు, లేనప్పుడు ఒక్కసారీ లేదు. డైరీలో నిర్ణయం రాశాను: "కారణం: ఎడమ సీటులో భారం, సుమారు 68 కిలోలు."

ఆ పేజీ ఆమె కంటపడింది.

"నా బరువు మీకెవరు చెప్పారు?"

"అంచనా."

"అంచనాలోనూ ఆరు కిలోలు ఎక్కువ వేశారు! రేపట్నుంచి ఆఫీసు బస్సులో వెళ్తాను లెండి. మీ టైరు సుఖంగా ఉంటుంది."

రోజంతటిలో మేమిద్దరం తీరికగా మాట్లాడుకునేది ఆ ప్రయాణంలోనే. అది పోయింది. టైర్లలో గాలి పెంచాను, తగ్గించాను. పక్క సీటులో మనిషి లేనిదే ఏది పనిచేసిందో తెలిసే దారి లేదు. చిరాకు పట్టలేక వాట్‌గంజ్‌లోని ఒక మెకానిక్ దగ్గరకు వెళ్లాను. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి ఓడరేవు పనికి వచ్చిన కుటుంబం అతనిది. నా కథ విని, వంగి రెండు వైపులా వేళ్లు దూర్చి చూశాడు.

"ఏటి బాబూ, ఈ పక్క కొలిసినారా?"

"రెండు పక్కలూ ఒకటే కదా."

"ఎవులు సెప్పినారు? కుడిపక్క రెండేళ్లు దూరతన్నాయి, ఎడంపక్క ఒకటే. స్ప్రింగు సరిగ్గా కూకోనేదు."

నా స్కేలుతో కొలిచాను. ఎడమవైపు పదకొండు మిల్లీమీటర్లు తక్కువగా ఉంది. భవానీపూర్‌లోని మా ఇరుకు సందులో కారు ఎడమవైపు గోడకు ఆనించి నిలుపుతాను. పదమూడుసార్లూ కొలిచింది కుడివైపే.

"పాపం, అమ్మగారిని తిట్టీసినారేటి?"

"తిట్టలేదు. రాశాను."

"అదింకా సెడ్డ బాబూ!"

అతను స్ప్రింగు సరిచేసి, నేను కాదన్న 205/45 టైర్లనే వేశాడు. "అమ్మగారిని కూకోబెట్టి ఓపాలి తిప్పండి. అప్పుడు గానీ తెల్దు" అన్నాడు.

ఇంటికి వచ్చి అంతా చెప్పాను.

"అయితే తప్పు నాది కాదన్నమాట."

"కాదు. స్ప్రింగుది."

"స్ప్రింగుదా?"

"నాది."

ఆమె కూర తరగడం ఆపలేదు. "బస్సుకు నెలంతా కట్టేశాను. ఒకటో తారీఖు వచ్చాక చూద్దాం" అంది. వస్తానని అనలేదు.

మర్నాడు ఉదయం ఒక్కణ్నే ఆ ఫ్లైఓవరు మీదుగా పోనిచ్చాను. అతుకులన్నీ దాటాను, టైరు ఎక్కడా రాసుకోలేదు. అయితే ఎడమ సీటు ఖాళీగా ఉన్నప్పుడు అది మునుపు కూడా రాసుకోలేదు. ఆ ప్రయాణం వల్ల ఏదీ రుజువు కాలేదని డైరీలో రాసుకున్నాను.